తగ్గిన అంకె

పోయిన వారం చదివినవాళ్ళకి నా కోపం ఎక్కడ మొదలైందో గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఈ వారం నాకు తీరిక లేదు, ఓపిక అసలే లేదు.

మా అక్కకి అండాశయంలో కాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, ఆరు విడతల కీమో అయింది, అదంతా అయిపోయి ఏడాది దాటింది. అప్పటినుంచీ మూడు నెలలకోసారి రక్తం తీసి ఒక పరీక్ష చేస్తారు. ఆ జబ్బు కణాలు రక్తంలోకి వదిలే పదార్థం ఒకటుంది, అది ఎంత ఉందో కొలిచే పరీక్ష. డాక్టర్లు దాన్ని మార్కర్ అంటారు. మా ఇంట్లో దాని పేరు 'అంకె'. ముప్ఫై అయిదు లోపుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. పదకొండు, పదమూడు, పద్నాలుగు అంటూ బుద్ధిగా ఉన్న అంకె నాలుగోసారి ఉన్నట్టుండి నలభై ఎనిమిదికి ఎగబాకింది. "ఒక్క అంకె చూసి నేను కంగారుపడను. ఆరు వారాలాగి మళ్ళీ చేద్దాం. మళ్ళీ పెరిగితే మాత్రం స్కాన్ తీసి మందు మొదలుపెట్టాల్సిందే" అన్నారు డాక్టరమ్మ.

ఆరు వారాలు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ తర్వాత అంకె పంతొమ్మిది వచ్చింది. మా బావ సిటీ బస్సు డ్రైవరు. డిపోలో కనిపించినవాళ్ళందరికీ చెప్పి, ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరమ్మ స్కాన్ ఆపేసి మూడు నెలల తర్వాత రమ్మన్నారు.

ఆ పంతొమ్మిదిని మొట్టమొదట చూసింది నేనే. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్ళుగా జనం చేతులకి సూదులు గుచ్చుతున్నాను కాబట్టి అందరూ నన్ను సూదక్క అంటారు. ఆస్పత్రిలో క్యూ కట్టడం ఎందుకు, ఇంట్లో నేనుండగా అని, మా అక్క రక్తం ఏడాదిగా నేనే ఇంటికెళ్ళి తీసి మా ల్యాబుకి తెస్తున్నాను. పంతొమ్మిది చూసి ఎగిరి గంతేసినవాళ్ళలో నేనే మొదటిదాన్ని.

మొన్న ఆదివారం అక్క ఇంట్లో ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే ఆమె పొడుగు చొక్కాల పక్క కుట్లు చేతికి తగిలాయి. మూడు చొక్కాలకీ పాత కుట్లు విప్పి, అంగుళం వదులు చేసి, కొత్త దారంతో కుట్టి ఉన్నాయి. మా అక్క టైలరు. తన బట్టలు తనే సవరించుకుంటుంది, అందులో వింతేమీ లేదు. కానీ మనిషి చూస్తే ముఖం పీక్కుపోయి, భుజాల ఎముకలు తేలి ఉంది. అంత చిక్కిన మనిషికి నడుము దగ్గర చొక్కా ఎందుకు బిగుతవుతుంది? అంకె తగ్గితే పొట్ట ఎందుకు పెరుగుతుంది?

అక్కని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయమేసింది. నాకు భయమేస్తే కోపం వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. సోమవారం పొద్దున ఆ కోపాన్ని మోసుకుని నేరుగా ల్యాబుకి వెళ్ళాను.

మా ఇన్‌ఛార్జి నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. వెనకాల అందరం 'కంట్రోల్ సారు' అంటాం. రోజూ రోగుల రక్తం పెట్టేముందు, ఎంత రావాలో ముందే తెలిసిన శాంపిల్ ఒకటి మెషీన్‌లో పెట్టి సరిచూస్తాం. దాన్ని కంట్రోల్ అంటారు. ఎవరు ఏ గొడవతో వచ్చినా ఆయన నోట ఒకటే మాట, కంట్రోల్స్ బాగానే ఉన్నాయి. పైకప్పు కూలి మీద పడ్డా ఆ మాటే అంటాడని మా పందెం.

"సార్, మా అక్క శాంపిల్ మళ్ళీ పెట్టాలి."

"మీ అక్కయ్యగారిదా? పంతొమ్మిది కదా, బాగుందిగా."

"బాగున్నందుకే మళ్ళీ పెట్టాలంటున్నాను."

"ఆ రోజు కంట్రోల్స్ బాగానే ఉన్నాయి సూదక్కా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ కంట్రోల్స్ కలకాలం చల్లగా ఉండనీండి. మా అక్క సంగతి చెప్పండి. నలభై ఎనిమిది, మందు చుక్క పడకుండా ఆరు వారాల్లో పంతొమ్మిదికి ఎలా దిగింది? నేలలోకి ఇంకిందా?"

"కొన్నిసార్లు తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల పెరిగి ఉండొచ్చు, అది తగ్గాక..."

"అదే నలభై ఎనిమిది తొంభై అయి ఉంటే మళ్ళీ పెట్టేవాళ్ళు కాదా?"

ఆయన చూపు రిజిస్టరు వైపు తిప్పుకున్నాడు. ఎందుకంటే పెట్టేవాళ్ళం. మా ల్యాబులో అదొక అలవాటు, ఏ పుస్తకంలోనూ లేదు. అంకె ఒక్కసారిగా పెరిగితే అనుమానపడి రెండోసారి పెడతాం. ఒక్కసారిగా తగ్గితే సంతోషపడి సంతకం పెడతాం. రోగి సంతోషంగా ఉంటాడు, డాక్టరు ఫోన్ చేసి అరవడు, ఇంకేం కావాలి? మంచి వార్తని ఎవరూ నిలదీయరు. నేనూ నిలదీయలేదు. ఆ రిపోర్టు మీద మొదటి సంతకం నాదే.

"శాంపిల్ పదిరోజులు ఫ్రీజర్లో ఉంచుతాం కదా. తొమ్మిదో రోజు ఇవాళ. పెడతారా, నేనే పెట్టుకోనా?"

"రాసి ఇవ్వాలి. కారణం..."

"కారణం నాకు నిద్ర పట్టకపోవడం అని రాయండి."

ఫ్రీజర్ తలుపు తీశాను. ఆయన అడ్డుపడలేదు. గడ్డకట్టిన గొట్టం కరగడానికి కొంతసేపు, మెషీన్ పని చేయడానికి ఇంకాసేపు. ఆ సమయంలో కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు నన్ను, పాపం, వచ్చినవాళ్ళ ఖర్మ కొద్దీ. నున్నగా గడ్డం గీసుకున్న ఒకాయన వచ్చి, "పక్కింటాయనకి కాన్సరట. నాకు కాన్సర్ టెస్టులన్నీ ఒకేసారి చేసేయండి" అన్నాడు.

"మీకేమైంది?"

"ఏమీ కాలేదు. ముందుజాగ్రత్త."

"అయితే ముందు ఒక డాక్టరుకి చూపించుకోండి. ఆయన రాసిస్తే చేస్తాను. ఒంట్లో ఏమీ లేకపోయినా ఈ అంకెలు పెరుగుతాయి. వాపుకి పెరుగుతాయి, లివర్ తేడా చేస్తే పెరుగుతాయి, ఆడవాళ్ళకి నెలసరిలోనూ పెరుగుతాయి. కొందరికి ఒంటినిండా జబ్బున్నా పెరగవు. జబ్బు ఉందని తేలినవాళ్ళకి, మందు పనిచేస్తోందా లేదా, మళ్ళీ తిరగబెడుతోందా అని చూసుకోవడానికి పనికొస్తాయి. మీరు ఊరికే చేయించుకుని, ఒక అంకె అటో ఇటో అయితే ఆరు నెలలు కంటిమీద కునుకు లేకుండా తిరుగుతారు. అర్థమైందా?"

ఆయన బిత్తరపోయి వెళ్ళిపోయాడు. నేను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. చెప్పిన తీరు మాత్రం తప్పే.

మెషీన్ కూత పెట్టింది. పరుగున వెళ్ళి చూశాను. పంతొమ్మిది పాయింట్ రెండు.

"చూశారా" అన్నాడు కంట్రోల్ సారు. వెక్కిరించలేదు, మెల్లగానే అన్నాడు. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

"ఏం చూడమంటారు? మా అక్క పొట్ట చూశారా మీరు? మనిషి పుల్లలా అయింది, నడుము మాత్రం లావెక్కింది. ఇరవై రెండేళ్ళు ఇక్కడ పనిచేశాను, ఈ జబ్బు తిరగబెడితే పొట్టలో నీరు చేరుతుంది, అలాంటి మనిషిని చూస్తే నాకు తెలీదా? ఈ ఇనప్పెట్టె చెప్పిందని నా కళ్ళు నేను పొడుచుకోవాలా? నువ్వు ఈ గది దాటి ఎప్పుడైనా ఒక రోగి ముఖం చూశావా నాయనా?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఆయన పట్టించుకోలేదు. గొట్టం చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. కాసేపు గెడ్డం గోక్కున్నాడు. "నీరు చేరిందంటున్నారా? అయితే ఈ అంకెని అనుమానించాల్సిందే. పలచన చేసి పెడదాం, లెక్క ప్రకారం తగ్గుతుందో లేదో తెలుస్తుంది" అన్నాడు.

ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. పాలలో సగం నీళ్ళు పోస్తే పాలు సగం పలచబడతాయి. రక్తం కూడా అంతే. పంతొమ్మిది ఉన్నదాన్ని సగానికి పలచన చేస్తే తొమ్మిదో పదో రావాలి. ఆయనే స్వయంగా కలిపి పెట్టాడు. ఇద్దరం స్టూళ్ళు లాక్కుని మెషీన్ ముందు కూర్చున్నాం.

ముప్ఫై ఒకటి వచ్చింది.

నీళ్ళు పోస్తే పాలు చిక్కబడ్డాయి. ఆయన వెన్ను నిటారుగా అయింది. ఈసారి ఎనిమిదింతలు పలచన చేశాడు. పద్నాలుగు వచ్చింది. ఎనిమిది పద్నాలుగులు నూట పన్నెండు. కాగితం మీద గుణించక్కర్లేదు, అయినా ఆయన గుణించాడు, రెండుసార్లు.

"రక్తంలో ఏదో ఉంది సూదక్కా. మెషీన్ని అది అడ్డుకుంటోంది. నీళ్ళు పోసేసరికి ఆ అడ్డు పలచబడి అసలు సరుకు బయటపడింది." ఆగాడు. "మన మెషీన్ పాత రకం. మన టెస్టు కిట్టు బయోటిన్ అనే విటమిన్ మీద ఆధారపడి పనిచేస్తుంది, జుట్టు మాత్రల్లో ఉండేదే అది. రక్తంలో బయట్నుంచి వచ్చిన బయోటిన్ ఎక్కువుంటే ఈ టెస్టులో అంకె తగ్గి కనిపిస్తుంది. మీ అక్కయ్యగారు జుట్టుకి ఏమైనా మాత్రలు వాడుతున్నారా?"

"మా అక్క ఏమీ వాడదు."

ఆయన వెళ్ళి ఫైలు తెచ్చాడు. అక్క ఫారం తీసి నా ముందు పెట్టాడు. అడుగున ఒక గడి ఉంది, 'ఇతర మందులు, బలం మాత్రలు'. అందులో నా అక్షరాలతో 'లేవు' అని ఉంది.

"అడిగే రాశారా?"

ఏం చెప్పను? రోజుకి నూట ఇరవై మంది వస్తారు. ఆ గడిలో అందరికీ 'లేవు' అనే రాస్తాం. అడిగితే ఒక్కొక్కరూ వాళ్ళ ఇంట్లోని సీసాలన్నీ ఏకరువు పెడతారు, వెనకాల క్యూ గోల చేస్తుంది. అందుకని మా కౌంటర్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున్నే పెన్ను చేతిలోకి రాగానే ఖాళీ ఫారాలన్నిటి మీదా ఆ గడిలో 'లేవు' అని వరసగా రాసేసి కట్ట కట్టి పెట్టుకుంటాం. ఆ పద్ధతి మొదలుపెట్టింది నేనే. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పిందీ నేనే. అక్క ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ కట్టలోంచి ఒక ఫారం లాగి సంచీలో పెట్టుకుంటాను. పేరు రాసేసరికే అక్క మందులు వాడటం లేదని నేను తేల్చేసి ఉంటాను.

"ఈ నూట పన్నెండుని నేను రిపోర్టుగా ఇవ్వలేను" అన్నాడు ఆయన. "మూడు రోజులు ఆ మాత్రలు మాన్పించి మళ్ళీ రక్తం తీయాలి. కానీ పంతొమ్మిది తప్పని మాత్రం ఇప్పుడే డాక్టరుకి చెప్పి తీరాలి. ఫోన్ చేస్తున్నాను."

"నాకు గంట టైమివ్వండి సార్. ముందు అక్కతో మాట్లాడాలి. తర్వాత నేనే చేస్తాను."

ఆయన గడియారం చూశాడు. "గంటే."

అక్క కొట్టు మా ల్యాబుకి రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులూ ఎలా దాటానో నాకు తెలీదు. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ మాత్రలు అమ్మినవాణ్ణి, సీసా మీద జుట్టు విరబోసుకుని నవ్వే ఆ బొమ్మని, అందరికన్నా ఎక్కువ నన్ను. అక్కని మాత్రం తిట్టుకోలేదు. పాపం, జుట్టంతా ఊడిపోయిన మనిషి, మళ్ళీ మొలుస్తుందని ఆశపడింది, దానికి ఇంత శిక్షా అని అక్క మీద జాలిపడుతూ వెళ్ళాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు మండిపోతుంది.

కొట్టు చిన్నది. ఒక కుట్టుమెషీన్, కత్తిరించే బల్ల, కొలతలు సరిచూసుకోవడానికి మూలన ప్లైవుడ్డు చెక్కలతో కట్టిన గది, దానికొక గడియ. బల్ల మీద స్కూలు యూనిఫాంల గుట్ట. అక్క మెషీన్ ముందు కూర్చుని తెల్ల చొక్కాకి కాలరు కుడుతోంది.

"జుట్టు మాత్రలు వాడుతున్నావా?"

అక్క మెషీన్ ఆపలేదు. "ఎండన పడి వచ్చావు. కూర్చో. నీళ్ళు తాగు."

"నీళ్ళూ వద్దు, కూర్చోవడమూ వద్దు. వాడుతున్నావా, లేదా?"

"వాడుతున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

గొంతు తగ్గించాను. పక్కన స్టూలు మీద కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. ఆ మాత్రలు మా మెషీన్ని తికమక పెడతాయని, అందువల్ల అంకె తప్పొచ్చిందని, ఇందులో నీ తప్పేమీ లేదని, కంగారు పడొద్దని. అక్క కాలరు చివరిదాకా కుట్టి, దారం కత్తిరించి, చొక్కా మడిచి గుట్ట మీద పెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"మరి నిజంగా ఎంతొచ్చింది?"

'ఏమిటీ' అనలేదు. 'అయ్యో' అనలేదు. గుండె మీద చెయ్యి వేసుకోలేదు. ఎంతొచ్చింది అంది, కొలత అడిగినట్టు.

"నీకు తెలుసు" అన్నాను.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆస్పత్రిలో రక్తం తీసే గది బయట కాగితం అంటించారు. రక్తపరీక్షకి మూడు రోజుల ముందు జుట్టు మాత్రలు మానేయాలి, లేకపోతే కొన్ని అంకెలు తప్పొస్తాయి, కాన్సర్ అంకె తక్కువ చూపించొచ్చు అని ఉంది. డాక్టరమ్మ పిలిచేదాకా కూర్చుంటాను కదా, గోడ మీదున్నవన్నీ చదువుతాను. మీ ల్యాబులో కూడా ఒకటి అంటించకపోయారా?"

"చదివి కూడా మానలేదా?"

"ఈసారి రెండేసి వేసుకున్నాను. మూడు రోజులు. సూది గుచ్చడానికి నువ్వొచ్చేముందు ఇంకోటి."

స్టూలు ఎప్పుడు పడిపోయిందో తెలీదు, నేను లేచి నిలబడి ఉన్నాను. "నువ్వు మోసం చేసింది మెషీన్ని కాదే. నన్ను. చెయ్యి చాపి, సూది గుచ్చుతుంటే నా ముఖం చూసి నవ్వావు చూడు, ఆ నవ్వు ఎలా వచ్చింది నీకు? బావ కుర్చీలో కూలబడి ఏడ్చాడు. డిపో అంతా చెప్పుకున్నాడు. ఆ పక్కనే కూర్చుని నువ్వు ఆయన వీపు నిమిరావు. నీకసలు మనసుందా?"

"ఉంది."

"ఎందుకు చేశావు?"

అక్క మెషీన్ సూదిలోంచి దారం లాగేసింది. కొత్త రీలు తీసి, దారం కొస నోటితో తడిపి, ఒక్క విసురులో సూదిలోకి ఎక్కించింది. "చూశావా" అంది. "ఇందుకు."

"అంటే?"

"ఆ కీమో మందు నా వేళ్ళని తినేసింది. మర్చిపోయావా? ఎనిమిది నెలలు సూదిలో దారం ఎక్కించలేకపోయాను. నా చొక్కా గుండీలు మీ బావ పెట్టాడు. వేలికి సూది దిగినా తెలిసేది కాదు, తెల్లబట్ట మీద ఎర్రచుక్క కనపడితే గానీ. కొట్టు మూసుకుని ఇంట్లో కూర్చుని గోడలు చూశాను. ఇప్పుడిప్పుడే మళ్ళీ ఈ వేళ్ళు నావయ్యాయి. అంకె పెరిగిందని తేలితే మళ్ళీ అదే మందు. ఈసారి పోతే తిరిగి రావు. మూడు నెలలు కావాలనిపించింది నాకు. మూడు నెలలు ఇక్కడ కూర్చుని కుట్టుకోవాలనిపించింది. అంతే."

"వేళ్ళ కోసం ప్రాణం పోగొట్టుకుంటావా?"

"నా ప్రాణం ఇంకెక్కడుందనుకున్నావు?"

"డాక్టరమ్మని అడగొచ్చు కదా. వేరే మందు ఉంటుంది, డోసు తగ్గిస్తారు, ఏదో ఒక దారి ఉంటుంది. నోరు తెరిచి అడగడానికేం?"

"అడిగాను. నాలుగో విడతప్పుడు తిమ్మిర్లు మొదలైతే అడిగాను. ముందు ప్రాణం, తర్వాత వేళ్ళు అన్నారు. నువ్వు నా పక్కనే కూర్చున్నావు. నువ్వు కూడా అదే అన్నావు. నా కన్నా ముందు తలూపింది నువ్వే."

అవును, ఊపాను. ఇప్పుడైనా ఊపుతాను. అక్క నా ముఖం చూస్తూనే ఉంది.

"ఒకటి అడుగుతాను చెప్పు" అంది. "నూటికి పైన ఉందనుకో. అయినా సరే, ఆ మందు నాకొద్దు, ఉన్నన్నాళ్ళు కుట్టుకుంటాను అంటే, నా మాట వింటావా?"

"వినను."

"అందుకే నీకు చెప్పలేదు."

ఏడ్చేసి ఉంటే బాగుండేది. నాకు ఏడుపు రాదు. ఫోన్ తీశాను. గంటలో ఇంకా పది నిమిషాలు మిగిలి ఉంది, కంట్రోల్ సారు నిమిషం కూడా దాటనివ్వడు. అయినా ఆయన కోసం కాదు, నా కోసం నొక్కాను ఆ నంబరు. "నన్ను జన్మంతా తిట్టుకో. నాతో మాట్లాడటం మానేయి. నా ముఖం మీద తలుపెయ్యి. నేను చూస్తూ ఊరుకోను. డాక్టరమ్మకి చెప్పేస్తున్నాను."

అవతల రెండు రింగులకే ఎత్తారు. నేను నోరు తెరిచేలోపు అక్క లేచి చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు. నా జబ్బు. నేను చెప్పుకుంటాను."

ఎందుకిచ్చానో నాకిప్పటికీ తెలీదు. బహుశా చిన్నప్పటినుంచీ అక్క చెయ్యి చాపితే ఇచ్చేయడమే అలవాటు. ఫోన్ తీసుకుని మూలనున్న ఆ చెక్కగదిలోకి వెళ్ళి లోపల్నుంచి గడియ పెట్టుకుంది.

"అక్కా, తలుపు తియ్యి. నా ముందు మాట్లాడు." రెండు చేతులతో బాదాను. ప్లైవుడ్డు ఎంత పలచనిదైనా గడియ గట్టిది, దాన్ని బిగించింది బావే. ఇక బాదడం ఆపి చెవి ఆనించాను.

"పంతొమ్మిది తప్పు డాక్టరమ్మా... అవును, మా చెల్లెలు ఇవాళ కనిపెట్టింది... మాత్రలే. జుట్టు మాత్రలు... లేదమ్మా, తెలియక కాదు. తెలిసే వేసుకున్నాను."

దాచకుండా చెబుతోంది. నా పళ్ళు బిగిసి ఉన్నాయని అప్పుడు తెలిసింది, వదులు చేసుకున్నాను. సరే, బయటపడింది. స్కాన్ తీస్తారు, ఆరు వారాల ఆలస్యమే కదా, ఆరు వారాల్లో ఏమీ మునిగిపోదు. తర్వాత అక్కని నేనే తీరిగ్గా తిట్టుకుంటాను అనుకున్నాను.

తర్వాత అక్క గొంతు తగ్గింది. నాకు వినపడకూడదని తగ్గించింది. మా అక్కకి ఆ గది గోడలు నా చెవులకి ఎంత దగ్గరో తెలీదు.

"ఇంకోటుంది డాక్టరమ్మా. అది మా చెల్లెలికి తెలీదు. చెబితే తనని తను చంపుకుంటుంది. ఆ మాత్రలు ఇప్పుడు మొదలుపెట్టినవి కావు. కీమో అయిన నెల నుంచీ రోజూ వేసుకుంటున్నాను, ఒక్క రోజు మానకుండా. మధ్యలో మీ ఆస్పత్రి కాగితం చూసి, నిజంగా భయపడి, మూడు రోజులు ఆపి రక్తమిచ్చాను. అప్పుడొచ్చింది నలభై ఎనిమిది. ఈ ఏడాదిలో నేను మాత్రలు వేసుకోకుండా రక్తమిచ్చింది ఆ ఒక్కసారే."

పదకొండు. పదమూడు. పద్నాలుగు. ఆ మూడింటి మీదా మొదటి సంతకం నాది. ఆ మూడూ అబద్ధమైతే, జబ్బు ఎప్పుడు తిరిగొచ్చిందో, ఎంత దూరం వెళ్ళిందో మాలో ఎవరికీ తెలీదు. ఆరు వారాలు కాదు, మా చేతుల్లోంచి ఏడాది పోయింది.

లోపల అక్క అవతలి మాట వింటోంది. చాలాసేపు విన్నది. ఆ తర్వాత, "స్కాన్‌కి ఇవాళే రమ్మంటారా డాక్టరమ్మా?" అంది.

ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు కూడా భయపడని మా అక్క గొంతు, ఆ ఒక్క ప్రశ్నలో వణికింది.